డీసిలు యింజనుకు విసనకఱ్ఱ

గత ఫిబ్రవరి మాసమున మా పాఠశాల బస్సు శ్రీశైలపు ఘాటురోడ్డుమీద ఆగిపోయిన సంగతి మీలో అనేకులు విని యున్నారు. ఆ దినమున బస్సులో నున్న విద్యార్థు లందఱును క్షేమముగా ఇండ్లు చేరిరి. ఐనను తరువాత జరిగిన తలిదండ్రుల సభలో ఒక తల్లి లేచి, "మాస్టారూ, మా పిల్లవాణ్ణి మళ్లీ ఆ బండిలో పంపవచ్చునా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. "బాగు చేయించుచున్నాము" అని చెప్పుట సులభమే. కాని యేమి చెడినది, ఏల చెడినది, ఇప్పుడేమి మాఱినది అను మూడు సంగతులు తెలియక చెప్పిన మాట సమాధానము కానేరదు. కనుక వానిని నేర్చుకొని, మాకు బోధపడినంతవఱకు ఈ సంచికలో వ్రాయుచున్నాము.

మా బండి

ఇది సాధారణమైన బడి బస్సు కాదు. దూరప్రయాణములు చేసి చేసి పాతబడిన యొక పెద్ద డీసిలు బస్సును కొని, విజయవాడ ఆటోనగరులో దాని సీట్లు కొన్ని తీయించి, పండుకొనుటకు బల్లలు, నీళ్లతొట్టి, వంట చేసికొనుటకు చిన్న అఱ, పుస్తకములకు బీరువా ఏర్పఱచితిమి. ఊరూర సత్రములు వెదకుకొనకుండ పిల్లలు దేశము చూడవలెనని మా యుద్దేశము. చక్రములమీద కట్టిన యిల్లని చెప్పవచ్చును. ఇట్టి బండ్లు విదేశములలో విస్తారముగా నున్నవి. మన తెలుగువారు మఱవని యట్టి బండి యొకటి కలదు. 1982వ సంవత్సరమున శ్రీ నందమూరి తారక రామారావుగారు పాత షెవ్రొలెట్టు బండి నొకదానిని బాగుచేయించి, చైతన్యరథమని పేరుపెట్టి, దానిలోనే యుండి ఊరూర తిరిగిరి. వారి కుమారుడు హరికృష్ణగారే దానిని నడపిరి.

మా బండికి యింజను వెనుకభాగమున నున్నది. ముందు యింజను గల లారీకి ఎదురుగాలి తిన్నగా రేడియేటరును తాకును. వెనుక యింజను గల బండికి ఆ భాగ్యము లేదు. దాని రేడియేటరు వెనుక ప్రక్కగా నుండును గనుక, గాలిని పంకాయే లాగి తేవలెను. అనగా మా బండికి పంకా ఊపిరివంటిది. ఈ సంగతి మేము ఘాటురోడ్డుమీదనే నేర్చుకొంటిమి.

ఆ దినమున జరిగినది

తొమ్మిదవ తరగతి విద్యార్థులతో శ్రీశైలము ఆనకట్ట చూచుటకు బయలుదేరితిమి. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ దాటువఱకు బండి సుఖముగా నడిచినది. అంతకుముందు గుడివాడకును, మచిలీపట్నమునకును, అవనిగడ్డకును పోయినప్పుడును ఏ లోపమును కనబడలేదు. కృష్ణా డెల్టాలో ఎత్తుపల్లములు లేవు గదా! చదునైన నేలమీద యింజను సగము బలముతో నడచును గనుక, దానిలోని లోపము దాగియుండును. దోర్నాల దాటి నల్లమల యడవిలో ఎక్కుడు మొదలైన కొంతసేపటికి వేడిముల్లు ఎఱ్ఱగీతను సమీపించినది. డ్రైవరు బండిని రోడ్డుప్రక్కను ఆపెను. వెనుక తలుపు తీయగా ఆవిరి వచ్చుచుండెను.

అప్పుడు మేము చూడని క్షణములో, చుఱుకైన విద్యార్థి యొకడు నీళ్లసీసా ఒకచేతను, తువాలు ఒకచేతను పట్టుకొని, సాయము చేయుదమని రేడియేటరు మూత త్రిప్పబోయెను. డ్రైవరు "బాబూ, చెయ్యి తియ్యి!" అని కేకవేసి వానిని వెనుకకు లాగెను. ఆ మూత తెఱచియుండినయెడల ఏమగునో ఈ వ్యాసము చదివినవారికి తెలియును. ఆ కేకయే మాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

వేడి యెక్కడిది?

డీసిలు యింజను నిప్పురవ్వ లేకుండ మంట పుట్టించు యంత్రము. సిలిండరులో గాలిని మిక్కిలి గట్టిగా అదిమినప్పుడు, దానిలో చిమ్మిన డీసిలు తనంతట అంటుకొనునంత వేడి పుట్టును. సైకిలు పంపు కొట్టునప్పుడు దాని యడుగు వేడెక్కుట మీ రెఱుగుదురు, ఇదియు నట్టిదే. రుడాల్ఫ్ డీసిలు అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున ఇట్టి యింజనును నడపి చూపెను.

డీసిలు మండగా పుట్టిన వేడిలో ఇంచుమించు మూడవవంతు మొదలు అయిదింట రెండువంతులవఱకు మాత్రమే చక్రములు త్రిప్పు శక్తిగా మాఱును. తక్కినదానిలో కొంత పొగగొట్టముగుండ పోవును. కొంత యింజను చుట్టును తిరుగు నీటిలోనికి పోవును. ఈ రెండవభాగమును బయట పాఱవేయకున్నచో లోహము వ్యాకోచించి, పిస్టనులు పట్టుకొనిపోయి, యింజను నాశనమగును. ఇబ్రహీంపట్నమునందలి నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రము 1979 నుండి చేయుచున్న పనిలో ఒక భాగ మిదియే. ప్రకాశము బ్యారేజికి ఎగువనున్న కృష్ణనీటితో ఆవిరిని చల్లార్చి, వేడెక్కిన నీటిని కాలువగుండ విడుతురు. బస్సుకు నది లేదు. గాలియే దాని నది.

రేడియేటరులోని సన్నని గొట్టములలో వేడినీరు పాఱుచుండగా, వానిమధ్య గాలి పోయి వేడిని కొనిపోవును. ఎంత వేడి పోవుననునది నీటికిని గాలికినిగల తేడానుబట్టి యుండును. నీరు 90 డిగ్రీలును, గాలి 25 డిగ్రీలును ఉన్నప్పుడు తేడా 65. మన విజయవాడలో మే మాసమున గాలి 45 డిగ్రీలకు చేరినప్పుడు తేడా 45 మాత్రమే. అనగా అదే రేడియేటరు, అంతే గాలితో, ఇంచుమించు మూడవవంతు తక్కువ వేడిని పాఱవేయును. వెనుకటి దొరలు మన యూరిని బ్లేజ్‌వాడ యని పరిహాసము చేసిరని చెప్పుదురు. ఆ పరిహాసమును యింజనులు ప్రతి వేసవియందును అనుభవించుచున్నవి.

పంకా ఎప్పుడును తిరుగరాదా?

ఇంత అవసరమైన పంకాను నిరంతరము పూర్తివేగముతో త్రిప్పినచో నేమి యని మీరు అడుగవచ్చును. మేమును అడిగితిమి. దానికి మూడు అభ్యంతరములు కలవు.

మొదటిది ఖర్చు. పంకా వేగము రెట్టింపైనయెడల దానికి కావలసిన శక్తి రెట్టింపు కాదు, ఎనిమిదిరెట్లగును. వేగమును సగము చేసినచో శక్తి ఎనిమిదవవంతు చాలును. పెద్ద బస్సులలో పంకా పూర్తివేగముతో తిరుగునప్పుడు 20 అశ్వశక్తులకు మించి మ్రింగివేయును. రెండవది యింజను ఆరోగ్యము. చలికాలపు ఉదయమున యింజను వేడెక్కకమునుపే చల్లార్చుచుండినయెడల డీసిలు సరిగా మండదు, నూనె చెడును, అఱుగుదల హెచ్చును. మూడవది చప్పుడు. రాత్రి విడిదిచేసినచోట యింజను నడపవలసి వచ్చినప్పుడు, పిల్లలు నిద్రపోవుట యెట్లు?

కనుక పంకాకు బలమే కాక వివేకమును కావలెను. ఎప్పుడు ఎంత తిరుగవలెనో చెప్పువాడొకడు కావలెను. దానినే అదుపు అందుము.

పూర్వపు లారీలలో పంకా బెల్టుతో యింజనుకు కట్టుపడియుండెను. యింజను వేగమే దాని వేగము. పిమ్మట వేడినిబట్టి పట్టును విడుచును చేయు క్లచ్చులు వచ్చినవి. విజయవాడ డీసిలు షెడ్డు మూలమున మన ప్రాంతమున చాలకాలము పరిచితమైన డబ్ల్యుడీఎం-2 రైలింజను సంగతి వినుడు. ఆ జాతి యింజనులు అమెరికానుండి మొదట 1962లో వచ్చినవి. వానిలో నీటివేడినిబట్టి పనిచేయు మీటలు ఉండెను. నీరు 60 డిగ్రీల ప్రాంతమునకు రాగానే ఒక మీట పడి, అయస్కాంతపు క్లచ్చుద్వారా పంకా మెల్లగా తిరుగును; మఱికొంత వేడెక్కగా రెండవమీట పడి పూర్తివేగమందుకొనును; ఇంకను హెచ్చినయెడల మూడవమీట గంట మ్రోగించును. అదుపన నిట్లుండవలెను.

మా బండిలో పంకాను త్రిప్పునది నూనె. యింజనుకు తగిలించిన పంపు నూనెను బలముగా నెట్టగా, అది గొట్టములగుండ పోయి పంకావద్దనున్న మోటారును త్రిప్పును. మధ్యలో ఒక వాల్వు ఉన్నది. అది తెఱచియున్నంతసేపు నూనె ప్రక్కదారిని తొట్టికి మఱలిపోవును. పంకా మెల్లగా తిరుగును. అది మూతపడగా నూనె యంతయు మోటారుకు పోవును. పంకా వడిగా తిరుగును. మన పంటకాలువల తూములు ఎఱిగినవారికి ఇది వివరించి చెప్పనక్కఱలేదు.

చెడినది పంకా కాదు

బండిని ఆ రోజే నెమ్మదిగా దించి, దోర్నాలలో ఒక మెకానిక్కుచేత వాల్వును మూయించి, పంకా ఎడతెగక తిరుగునట్లు చేసికొని, ఇల్లు చేరితిమి. తరువాత ఆటోనగరునకు తీసికొనిపోయితిమి. మాలో కొందఱు పెద్దపంకా వేయింపవలెననిరి. కొందఱు రేడియేటరు మార్పింపవలెననిరి. అచ్చటి వృద్ధుడైన మేస్త్రిగారు ఒక గంట పరీక్షించి యిట్లనిరి: "పంకా మంచిదే మాస్టారూ. దానికి చెప్పేవాడే చెడిపోయాడు."

ఆ పాత వాల్వులో మైనము నింపిన చిన్న ఇత్తడిగుండు ఉండెను. నీరు వేడెక్కగా మైనము కరగి వ్యాకోచించి, ఒక కాడను నెట్టి వాల్వును మూయును. మంచి యుపాయమే, విద్యుత్తు అక్కఱలేదు. కాని కాలక్రమమున గుండునుండి మైనము కారిపోయినది. నెట్టువాడు లేడు గనుక వాల్వు ఎప్పుడును తెఱచియేయుండెను. యింజను ఉడికిపోవుచున్నను పంకా మెల్లగానే తిరుగుచుండెను. గమనింపుడు: ఆ పరికరము చెడినప్పుడు ప్రమాదమువైపే చెడినది.

మేస్త్రిగారు మఱియొకటి చూపిరి. రేడియేటరు బయటినుండి శుభ్రముగానే యున్నది. పంకావైపునుండి దీపము పట్టి చూడగా, లోపల వరిపొట్టు, దుమ్ము, నూనెజిడ్డు కలిసి రొట్టెవలె అంటుకొనియుండెను. సంక్రాంతి దినములలో మన రోడ్లమీద ధాన్యము ఆరబోయుట, నూర్చుట మీరు చూచినదే. వెనుక యింజను గల బండి ఆ పొట్టునంతయు పీల్చుకొనును. డ్రైవరు వారము వారము బయటనుండియే కడుగుచుండెను. అందులో వాని తప్పు లేదు. లోపల చూడవలెనని వానికి చెప్పవలసినది మేమే.

కొత్త యదుపు

ఇప్పుడు మైనపు వాల్వు స్థానమున విద్యుదయస్కాంతముతో పనిచేయు వాల్వును, దానిని నడపు చిన్న కంట్రోలరు పెట్టెను అమర్చితిమి. ఆ పెట్టెకు రెండు సెన్సారులు కలవు. ఒకటి యింజను నీటివేడిని చెప్పును. రెండవది టర్బో అదిమిన గాలి వేడిని చెప్పును. టర్బోనుండి వచ్చు గాలి ఎక్కుడులలో 100 డిగ్రీలు దాటును. అది చల్లబడి యింజనులోనికి పోవలెను. ఆ గాలిని చల్లార్చు పరికరమును మా బండిలో రేడియేటరునే అంటియుండును గనుక, పంకా రెంటికిని పనిచేయవలెను. పాత యదుపునకు నీటిసంగతి మాత్రమే తెలియుచుండెను. ఏసీ వేసినప్పుడును పెట్టెకు వార్త చేరును. ఈ వార్తలలో దేనికి ఎక్కువ గాలి కావలెనో దానినిబట్టి పంకావేగము కొంచెము కొంచెముగా హెచ్చును, తగ్గును.

ఇంతవఱకు వినగా మాకొక సందేహము కలిగినది. "మైనము చెడినట్లే ఈ పెట్టెయు చెడదా? ఎలుక వైరు కొరికినచో? మచిలీపట్నపు ఉప్పుగాలికి అతుకులు చిలుమెక్కినచో?" అని యడిగితిమి. మేస్త్రిగారు నవ్వి, యింజను నడచుచుండగా, పంకా మెల్లగా తిరుగుచుండగా, చేయిచాచి వాల్వు వైరును పీకివేసిరి. మఱుక్షణమే పంకా తుపానుగాలివలె మ్రోగెను. మేము రెండడుగులు వెనుకకు వేసితిమి. "చెడిపోతే చెడిపోనివ్వండి మాస్టారూ. మేలు వైపు చెడిపోవాలి" అనిరి.

ఆ వాల్వును ఎట్లు నిర్మించిరనగా, విద్యుత్తు లేనప్పుడు అది మూతపడియుండును. దానిని తెఱచి పంకాను నెమ్మదింపజేయుటకే విద్యుత్తు కావలెను. వైరు తెగినను, ఫ్యూజు పోయినను, పెట్టె కాలిపోయినను పంకా పూర్తివేగముతో తిరుగును. డీసిలు కొంత వృథాయగును, చప్పుడగును. కాని పిల్లలు కొండమీద చిక్కుకొనరు. రైలుస్టేషనులో పాతకాలపు చేతి సిగ్నలును చూచినవారు దీనిని సులభముగా గ్రహింతురు. దాని తీగ తెగినచో చేయి తనంతట ఆపుమను స్థితికి మఱలును. రైలు బ్రేకు గొట్టము తెగినను అంతే, బ్రేకులు పడును.

సెన్సారు విషయమున మఱియొక సూక్ష్మము కలదు. వేడి హెచ్చినకొలది దాని విద్యున్నిరోధము తగ్గును, చల్లబడినకొలది హెచ్చును. వైరు తెగినయెడల నిరోధమునకు అంతులేదు. తెలివితక్కువ పెట్టె దానిని చూచి "ఆహా, నీరు మంచువలె నున్నది" అని తలచి పంకాను నెమ్మదింపజేయును! మంచి పెట్టె యట్లు మోసపోదు. సున్నకు దిగువ 40 డిగ్రీల వంటి వార్త వచ్చినయెడల దానిని అసంభవముగా నెంచి, సెన్సారు చెడినదని తీర్మానించి, పంకాను పూర్తివేగమునకు తెచ్చును. కృష్ణా డెల్టాలో అట్టి చలి యెన్నడును రాదు గదా! ఆ వైరునుకూడ పీకించి చూచిన పిమ్మటనే బండిని తెచ్చుకొంటిమి.

మరల ఘాటురోడ్డుమీదికి

ఏప్రిలులో, పిల్లలు లేకుండ, ఉపాధ్యాయులము నలుగురము బండిలో నీటిడబ్బాలు బరువుగా నింపుకొని అదే దారిని పోయితిమి. మునుపు ఆగినచోట ముల్లు ఎఱ్ఱగీతకు చాల దిగువనుండెను. ఎక్కుడున పంకా గట్టిగా మ్రోగుటయు, దిగుటలో మెల్లనగుటయు చెవులార వింటిమి. డీసిలు ఖర్చు తగ్గినదని డ్రైవరు చెప్పుచున్నాడు. దానినిగూర్చి ఒక సంవత్సరపు లెక్క చూచిన పిమ్మటనే మాటాడుదుము.

అందఱును జ్ఞాపకముంచుకొనదగినవి

1. వేడిగానున్న యింజను రేడియేటరు మూతను ఎవరును తెఱవరాదు. మూత బిగించియుండుటచేత లోపల ఒత్తిడి హెచ్చి, నీరు 100 డిగ్రీలు దాటినను మరగక యుండును. మూత తెఱచిన క్షణమే ఒత్తిడి పోయి, ఆ నీరు ఒక్కసారిగా ఆవిరియై ముఖముమీదికి చిమ్మును. తువాలు కాపాడదు. అరగంటకు తక్కువ కాకుండ ఆగి, పై గొట్టము చేతికి చల్లగా తగిలిన పిమ్మట పెద్దలే తెఱవవలెను.

2. ముల్లు హెచ్చుచున్నప్పుడు ఏసీ ఆపి, తక్కువ గేరులో నెమ్మదిగా నడపి, క్షేమమైన చోట ఆపవలెను. పిల్లలను దింపి రోడ్డుకు దూరముగా నిలుపవలెను.

3. కాగియున్న యింజనులో చన్నీరు పోయరాదు, లోహము పగులును.

4. కోతలకాలమైన పిమ్మట రేడియేటరును పంకావైపునుండి, యింజను ఆపి చల్లారిన తరువాత, మెల్లని నీటిధారతో కడుగవలెను. ధార బలమైనచో సన్నని రేకులు వంగిపోవును.

5. ప్రతి పర్యటనకు ముందు వాల్వు వైరు తీసి పంకా పూర్తివేగమందుకొనుచున్నదో లేదో పరీక్షింపవలెను. ఈ పరీక్షను ఇకమీదట డ్రైవరుతోపాటు ఉపాధ్యాయుడొకడు నిలిచి చూచి, పుస్తకములో సంతకము చేయును.

విద్యార్థులారా, పరికరము బాగుగా పనిచేయునప్పుడు ఏమి చేయునో అడుగుట అందఱికిని తెలిసినదే. అది చెడినప్పుడు ఏమి చేయును అని అడుగుట నేర్చుకొనుడు. మీలో రేపు ఇంజనీరులు, మెకానిక్కులు, డ్రైవరులు కాబోవువారున్నారు. ఆ ప్రశ్న మీ చేతిపనిని నమ్ముకొన్నవారిని కాపాడును.

సభలో మమ్మడిగిన తల్లికి మా సమాధాన మిది. అమ్మా, బండి యెన్నడును చెడదని మేము చెప్పలేము. ఈ యదుపు చెడినను ఏ వైపు చెడునో మేము స్వయముగా వైరు పీకి చూచితిమి. వచ్చు పర్యటన నాటి ఉదయము మీరును వచ్చి మాప్రక్కను నిలిచి ఆ పరీక్ష చూడుడు. చూచిన పిమ్మట మీ పిల్లవానిని బండి యెక్కింపుడు.